పట్టాలు తప్పాకే మొదలయ్యే పాఠం

ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, కూత పెడుతూ వీధంతా తిరిగే రైలాట తెలియని పిల్లలు మన ఊళ్లలో అరుదు. ముందున్నవారు ఇంజిన్, చివరివారు గార్డు, మధ్యలో అందరూ బోగీలు. ఆ ఆటకు కాసిని పట్టాలు, కాస్త కరెంటు, కొంచెం కొలత జోడిస్తే అది మోడల్ రైల్వే అవుతుంది. జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లోనే లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా బొమ్మ రైలును అమ్మకానికి పెట్టింది. బ్రిటన్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్లను మార్కెట్లోకి తెచ్చారు. అక్కడి నుంచి ఇది పిల్లల ఆటగానే ఉండిపోలేదు. ఐరోపా, అమెరికా, జపాన్‌లలో పెద్దలు కూడా ఏళ్ల తరబడి కొనసాగించే అభిరుచిగా మారింది.

మన ఇళ్లలో బొమ్మ రైలు కథ వేరుగా నడుస్తుంది. పుట్టినరోజుకు వచ్చిన రైలు రెండు రోజులు గుండ్రంగా తిరుగుతుంది. మూడో రోజు పట్టాలు తప్పుతుంది. నాలుగో రోజుకు ‘ముట్టుకోకు, విరిగిపోతుంది’ అన్న మాటతో షోకేసులోకి చేరుతుంది. పిల్లలకు ఆసక్తి లేదని పెద్దలు అనుకుంటారు. నిజానికి గుండ్రంగా తిరిగే రైలులో పిల్లలు చేయడానికి మిగిలిన పనేమీ లేదు. అది పట్టాలు తప్పిన రోజునే మొదటిసారిగా ఒక ప్రశ్న పుట్టింది: ఎందుకు తప్పింది? సరిగ్గా ఆ రోజునే దాన్ని వారి చేతిలోంచి తీసేసుకుంటున్నాం.

పిల్లలను మోడల్ రైల్వే వైపు నడిపించడమంటే ఖరీదైన సెట్టు కొనిపెట్టడం ఒక్కటే కాదు. వారి వయసుకు తగిన చిక్కుముడిని వారి ముందు ఉంచడం, దాన్ని వారే విప్పేదాకా ఓపిక పట్టడం. ఆ చిక్కుముళ్లలో ఎంత సైన్సు దాగి ఉందో చూస్తే ఈ ఓపిక వృథా కాదని తెలుస్తుంది.

రెండు పేపర్ గ్లాసులు చెప్పే రహస్యం

మొదటి ప్రయోగానికి రైలు కూడా అక్కర్లేదు. టీ తాగే పేపర్ గ్లాసులు రెండింటిని మూతికి మూతి కలిపి టేపు అంటించాలి. రెండు పొడవాటి కర్రలను లేదా స్కేళ్లను పక్కపక్కనే సమాంతరంగా, కొద్దిగా వాలుగా పెట్టి, వాటి మీద ఈ గ్లాసుల జతను దొర్లించాలి. కాస్త పక్కకు జరిపి వదిలినా అది అటూ ఇటూ ఊగి, తనంతట తానే మధ్యకు వచ్చి కిందిదాకా దొర్లుతుంది. ఇప్పుడు గ్లాసులను విడదీసి, ఈసారి అడుగుకు అడుగు కలిపి అంటించి వదలాలి. కొంచెం పక్కకు జరిగిందంటే చాలు, ఇంకా పక్కకు జరిగి కింద పడిపోతుంది.

అసలు రైలు చక్రం కూడా మొదటి జత లాంటిదే. పైకి చదునుగా కనిపించినా దాని అంచు లోపలి వైపు కొంచెం లావుగా, బయటి వైపు కొంచెం సన్నగా ఉంటుంది. సంప్రదాయ చక్రాల్లో ఈ వాలు 20కి 1 చొప్పున ఉండేది. రైలు ఇరుసుకు రెండు చక్రాలూ బిగించి ఉంటాయి కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో బయటి పట్టా పొడవు ఎక్కువ, లోపలి పట్టా పొడవు తక్కువ. కార్లలో ఈ తేడాను సర్దడానికి డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంటుంది. రైలులో ఆ పని చక్రం ఆకారమే చేస్తుంది. మలుపులో ఇరుసు కొంచెం బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద దొర్లుతాయి. ఒకే చుట్టులో బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది. చక్రం లోపలి వైపు ఉండే ఫ్లాంజ్ అనే గట్టు, పట్టా దాటిపోకుండా ఆఖరి కాపలాగా ఉంటుంది.

బొమ్మ రైలు ఎందుకు తప్పిందో వెతకడానికి ఇప్పుడు పిల్లల దగ్గర ఒక దారి ఉంది. రెండు పట్టాల అతుకు దగ్గర ఎత్తు తేడా ఉందా? మలుపు మరీ బిగువుగా ఉందా? చక్రాల మధ్య దూరం సరిగా ఉందా? బరువైన పెట్టెల మధ్య ఒక ఖాళీ పెట్టె ఉందా? చివరి ప్రశ్న ముఖ్యమైనది. బిగువైన మలుపులో ముందునుంచి ఇంజిన్, వెనకనుంచి మిగతా పెట్టెల బరువు లాగుతుంటే, మధ్యలోని తేలిక పెట్టె మలుపు లోపలి వైపుకు లాగబడి పడిపోతుంది. దానిలో రెండు నాణేలు పెట్టి మళ్లీ నడిపితే నిలబడవచ్చు. అసలు గూడ్సు రైళ్లలోనూ ఇదే బలం పనిచేస్తుంది. ఒక్కసారికి ఒక్క అంశాన్నే మార్చి చూడాలన్న ప్రయోగ నియమం పిల్లలకు ఇక్కడ ఎవరూ చెప్పకుండానే అలవడుతుంది.

87వ వంతు ప్రపంచం

ప్రపంచంలో ఎక్కువగా వాడే మోడల్ రైళ్ల కొలతను హెచ్‌ఓ స్కేలు అంటారు. అసలు వస్తువులో 87వ వంతు అన్నమాట. ఇంతకన్నా చిన్నదైన ఎన్ స్కేలులో 160వ వంతు. జర్మనీలోని హాంబుర్గ్‌లో ఇద్దరు కవల సోదరులు 2001లో ప్రారంభించిన మినియేచర్ వండర్‌లాండ్ అనే ప్రఖ్యాత ప్రదర్శన 87వ వంతు కొలతలోనే ఉంటుంది. మన దేశంలో పుణేలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి సందర్శకులకు అందుబాటులో ఉంది.

ఈ 87 అనే సంఖ్య చేతిలో ఉంటే నిష్పత్తుల పాఠం ఇంటి గచ్చు మీదికి వస్తుంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద ఉన్న ఆర్చి వంతెన పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. దాన్ని హెచ్‌ఓ స్కేలులో కట్టాలంటే 31 మీటర్ల చోటు కావాలి. ఒక్కో ఆర్చి పొడవు సుమారు 97.5 మీటర్లు కాబట్టి అట్టతో చేసే ఒక్క ఆర్చికి 112 సెంటీమీటర్లు. వంతెన మొత్తం ఇంట్లో పట్టదు గానీ, ఒక్క ఆర్చి మంచం కింద పడుతుంది.

వేగానికీ ఇదే లెక్క. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్, ఈ స్కేలులో సెకనుకు సుమారు 41 సెంటీమీటర్లు పోవాలి. అంటే ఒక మీటరు దాటడానికి దాదాపు 2.4 సెకన్లు. ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో కొలిస్తే చాలామంది పిల్లల రైలు ఇంతకన్నా చాలా వేగంగా పోతుంటుంది. ఒక సెకనులో ఒక మీటరు దాటితే అది అసలు లెక్కలో గంటకు 313 కిలోమీటర్లు! ‘నిదానంగా నడుపు’ అని వందసార్లు చెప్పడం కంటే ఈ లెక్క ఒక్కసారి వేయించడం నయం.

బరువు దగ్గర మాత్రం లెక్క ఆశ్చర్యపరుస్తుంది. మన రైల్వేలో ప్రయాణికుల రైళ్లను లాగే డబ్ల్యూఏపీ-7 విద్యుత్ ఇంజిన్ బరువు 123 టన్నులు. 87తో భాగిస్తే బొమ్మ ఇంజిన్ 1,400 కిలోలు ఉండాలి. ఎక్కడో పొరపాటు జరిగిందని పిల్లలే పట్టుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87వ వంతుకు తగ్గాయి కాబట్టి బరువును 87తో మూడుసార్లు భాగించాలి. అప్పుడు వచ్చేది సుమారు 187 గ్రాములు. ఘనపరిమాణం అంటే ఏమిటో ఇంత గట్టిగా చెప్పే ఉదాహరణ పాఠ్యపుస్తకంలో దొరకడం కష్టం. తూకం వేస్తే చేతిలోని ఇంజిన్ ఇంతకన్నా బరువు తూగవచ్చు. పట్టా మీద చక్రం జారకుండా పట్టు దొరకాలంటే బరువు కావాలి. అందుకే తయారీదారులు లోపల లోహపు దిమ్మ పెడతారు.

పట్టాల మధ్య దూరం మరో సరదా సంగతి బయటపెడుతుంది. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణిస్తే 1,435 మిల్లీమీటర్లు వస్తుంది. ఇది ప్రపంచంలో చాలా దేశాలు వాడే స్టాండర్డ్ గేజ్. మన రైల్వే బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. అంటే మన సికింద్రాబాద్, విజయవాడ స్టేషన్లను నిక్కచ్చిగా హెచ్‌ఓలో చేయాలంటే పట్టాల మధ్య 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. దుకాణంలో కొన్న పట్టాలు అచ్చంగా సరిపోయేది హైదరాబాద్ మెట్రోకే, ఎందుకంటే అది స్టాండర్డ్ గేజ్ మీద నడుస్తుంది.

కరెంటు చేసే తిరకాసు

సాధారణ బొమ్మ విద్యుత్ రైలులో రెండు పట్టాలే రెండు తీగలు. ఒక పట్టాలో ధన ధ్రువం, రెండోదానిలో రుణ ధ్రువం. చక్రాల ద్వారా కరెంటు మోటారుకు చేరుతుంది. ధ్రువాలు తారుమారు చేస్తే రైలు వెనక్కి నడుస్తుంది. ఇంతవరకు తేలికే.

కొన్నాళ్లకు పిల్లలకు ఒక కోరిక పుడుతుంది. వెళ్లిన రైలు గుండ్రంగా చుట్టు తిరిగి, అదే దారిలో తిరిగి రావాలి. వారు పట్టాలను కొసలో ఒక ఉచ్చులా వంచి, మళ్లీ మొదటి పట్టాలకే కలుపుతారు. స్విచ్ వేయగానే ఏదీ కదలదు. పట్టాలకు కరెంటు ఇచ్చే పెట్టె తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఎడమ పట్టాను వేలితో తాకుతూ ఆ చుట్టంతా తిరిగి వస్తే, వేలు కుడి పట్టా మీదికి చేరుతుంది. అంటే ధన ధ్రువం నేరుగా రుణ ధ్రువానికి తగిలి షార్ట్ సర్క్యూట్ అయింది. దీనికి విరుగుడు ఆ చుట్టు రెండు కొసల్లోనూ పట్టాలను కోసి ప్లాస్టిక్ అతుకులు పెట్టడం, రైలు చుట్టులో ఉండగా ధ్రువాలు మార్చే స్విచ్ అమర్చడం. తీగ రంగు చూసి కలపడం కాకుండా, కరెంటు దారిని మనసులో గీసుకుని ఆలోచించడం ఇక్కడ మొదలవుతుంది.

దీపం ఆరితే ఆగాలి

రెండో రైలు రాగానే ఆట పెద్దదవుతుంది. ఒకే పట్టా మీద రెండు రైళ్లు ఢీకొనకుండా ఎలా? అసలు రైల్వే ఇచ్చిన జవాబు చాలా సూటిది. దారిని భాగాలుగా విభజించాలి, ఒక భాగంలో ఒక సమయంలో ఒకే రైలు ఉండాలి. మరి ఆ భాగంలో రైలు ఉందని సిగ్నల్‌కు ఎలా తెలియాలి? అమెరికా ఇంజినీరు విలియం రాబిన్‌సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్ దీనికి మార్గం చూపింది.

దాన్ని ఇంట్లో చేసి చూడవచ్చు. అట్ట మీద రెండు అల్యూమినియం ఫాయిల్ పట్టీలను పట్టాల్లా అంటించాలి. ఒక కొసన రెండు టార్చి సెల్స్‌ను, అంటే 3 వోల్టులను, 220 ఓముల రెసిస్టర్ ద్వారా కలపాలి. రెండో కొసన పట్టీల మధ్య ఎర్రటి ఎల్‌ఈడీ ఒకటి కలపాలి. అది వెలుగుతుంది. ఇప్పుడు పట్టీలకు అడ్డంగా ఒక ఇనుప మేకు పెడితే అది రైలు ఇరుసులా పనిచేస్తుంది. కరెంటు ఎల్‌ఈడీ దాకా పోకుండా మేకు ద్వారా తిరిగిపోతుంది, దీపం ఆరుతుంది. రెసిస్టర్ ఉన్నందువల్ల సెల్స్ వేడెక్కవు. ఎల్‌ఈడీ స్థానంలో రిలే పెడితే, అది ఎర్ర సిగ్నల్‌ను వెలిగించగలదు.

ఇక్కడ పిల్లలను ఒక ప్రశ్న అడగాలి. రైలు వస్తే దీపం వెలిగేలా చేయడం మరింత సహజంగా ఉండేది కదా, ఎందుకు ఆరేలా చేశారు? కాసేపు ఆలోచించనిచ్చి, ఒక తీగను కత్తిరించమనాలి. దీపం ఆరుతుంది. సెల్స్ తీసేయమనాలి. అప్పుడూ ఆరుతుంది. పట్టా విరిగినా ఆరుతుంది. అంటే ఏ లోపం వచ్చినా వ్యవస్థ ‘ఆగు’ అనే చెబుతుంది. తప్పు జరగకుండా ఎవరూ కాపాడలేరు కనుక, తప్పు జరిగినప్పుడు అది ఆగే వైపుకే ఒరిగేలా కట్టాలన్నది భద్రతా ఇంజినీరింగులో మూలసూత్రం. లిఫ్టులు, అణు రియాక్టర్ల రూపకల్పనలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. పదేళ్ల పిల్ల దాన్ని ఒక మేకుతో అర్థం చేసుకోగలదు.

రైల్వే కూడా తన సిబ్బందికి ఈ దారిలోనే నేర్పుతుంది. ఉదయ్‌పూర్‌లోని జోనల్ రైల్వే శిక్షణ సంస్థలో కాబోయే స్టేషన్ మాస్టర్లు మోడల్ రూమ్‌లో చిన్న రైళ్లను నడుపుతూ సిగ్నళ్ల నియమాలు సాధన చేస్తారు. తెలుగు నేల మీద ఈ సూత్రానికి ఆధునిక రూపం కూడా ఉంది. రైళ్లు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకు వేసే కవచ్ వ్యవస్థను దక్షిణ మధ్య రైల్వే పరిధిలోనే విస్తృతంగా పరీక్షించారు. 2022 మార్చి 4న తెలంగాణలోని గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య రెండు ఇంజిన్లను ఎదురెదురుగా నడిపినప్పుడు, కవచ్ ఒక ఇంజిన్‌ను రెండోదానికి 380 మీటర్ల దూరంలో ఆపింది. బల్ల మీద అది నాలుగు మీటర్లకు కొంచెం ఎక్కువ.

రైళ్ల క్లబ్బు నుంచి కంప్యూటర్ల దాకా

ఈ ఆట ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి అమెరికాలోని ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బు మంచి ఉదాహరణ. అక్కడి విద్యార్థుల్లో కొందరికి ఇంజిన్లకు రంగులు వేయడం, చెట్లూ ఇళ్లూ తయారు చేయడం ఇష్టం. మరికొందరు బల్ల కింద దూరి, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో వాడే రిలేలతో రైళ్లను నియంత్రించే సర్క్యూట్లు అల్లేవారు. వీరి బృందం పేరు సిగ్నల్స్ అండ్ పవర్. ఏ రైలు ఎక్కడ ఉంది, ఏ దారి తెరవాలి, ఏది మూయాలి అన్న తర్కాన్ని తీగలతో రాయడం అలవాటైన ఈ విద్యార్థులు, 1950ల చివర్లో క్యాంపస్‌కు వచ్చిన తొలి ట్రాన్సిస్టర్ కంప్యూటర్ల వైపు సహజంగానే ఆకర్షితులయ్యారు. 1962లో వచ్చిన ‘స్పేస్‌వార్’ అనే తొలితరం కంప్యూటర్ ఆటకు నాయకత్వం వహించిన స్టీవ్ రస్సెల్ ఈ క్లబ్బు సభ్యుడే. తెలివైన చిట్కాను ‘హ్యాక్’ అని పిలిచే అలవాటు కంప్యూటర్ లోకానికి ఈ క్లబ్బు ద్వారానే చేరిందని ఆ చరిత్ర రాసిన స్టీవెన్ లెవీ వివరించారు.

అదే ఎంఐటీలో పిల్లల చదువు మీద పరిశోధన చేసిన గణితవేత్త సీమోర్ పాపర్ట్, చిన్నప్పుడు తాను ఆడుకున్న గేర్లే తనకు సమీకరణాలను దగ్గర చేశాయని తన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకంలో రాశారు. చేతులు ముందు తెలుసుకున్న విషయాన్ని తర్వాత బుద్ధి తేలిగ్గా పట్టుకుంటుందన్నది ఆయన అనుభవం. మన దగ్గర పిల్లలు ఓమ్ నియమాన్ని కంఠతా చెప్పగలరు. ఒక తీగ ఊడితే దీపం ఎందుకు ఆరిందో వెతకడం మాత్రం చాలామందికి కాలేజీ ల్యాబులోనే మొదటిసారి. అప్పటికి ఆలస్యమవుతుంది, మార్కుల భయం కూడా తోడవుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

దిగుమతి చేసుకున్న సెట్టు ధర వేల రూపాయల్లో ఉంటుంది. అందరికీ అందదు. అయితే పైన చెప్పిన గ్లాసులు, ఫాయిల్, ఎల్‌ఈడీ ప్రయోగాలకు దానితో పనిలేదు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబులతో సైన్సు బొమ్మలు చేయించిన అరవింద్ గుప్తా, తక్కువ ఖర్చు వస్తువులకు తరగతి గదిలో ఎంత విలువ ఉంటుందో దశాబ్దాల పాటు నిరూపించారు. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో, ఉదాహరణకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో, చిన్న గేరు మోటార్లు, స్విచ్‌లు, ఎల్‌ఈడీలు విడిగా దొరుకుతాయి. అట్టపెట్టెతో బోగీ, ఐస్‌క్రీమ్ పుల్లలతో స్లీపర్లు, థర్మోకోల్‌తో కొండ తయారవుతాయి. అరకు దారిలోని సొరంగం ఒకటి కట్టి చూస్తే, బోగీ పొడవు వల్ల మలుపులో సొరంగం గోడ ఎంత వెడల్పు ఉండాలో తెలిసొస్తుంది.

వయసును బట్టి పని ఎంచుకోవాలి. అయిదారేళ్ల వారికి చేత్తో తోసే చెక్క రైలు, దారి కలపడం చాలు. ఎనిమిది, తొమ్మిదేళ్లకు కొలతలు, వేగం లెక్కలు, సెల్స్‌తో నడిచే దీపాలు. పన్నెండు దాటాక రిలేలు, ప్రోగ్రామ్ చేసే మైక్రోకంట్రోలర్లు. కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఇప్పటికి 10,000 పాఠశాలల్లో ఉన్నాయి. అక్కడి సెన్సర్లకు, మోటార్లకు ఇంతకన్నా మంచి ఉమ్మడి ప్రాజెక్టు దొరకదు.

ఉమ్మడి అన్న మాట ముఖ్యం. ఒక రైలు బల్ల చుట్టూ డ్రైవరు, స్టేషన్ మాస్టరు, పాయింట్లు మార్చేవారు, టైమ్‌టేబుల్ రాసేవారు, ఊరు కట్టేవారు, పట్టాలు తప్పినప్పుడు విచారణ జరిపేవారు కావాలి. బొమ్మలు గీసే పిల్లకూ, లెక్కలు ఇష్టపడే పిల్లవాడికీ చోటుంది. అమ్మాయిలకు చెట్లూ ఇళ్లూ అలంకరించే పని అప్పగించి, తీగలు అబ్బాయిల చేతికి ఇచ్చే అలవాటును మాత్రం ఇక్కడే ఆపాలి. వారం వారం పనులు మార్చితే సరిపోతుంది.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. ప్రయోగాలన్నీ సెల్స్‌తోనే చేయాలి, గోడ ప్లగ్గు జోలికి పోకూడదు. రైలు సెట్టుకు దానితో వచ్చిన అడాప్టరునే వాడాలి. మూడేళ్ల లోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇంట్లో చిన్న విడిభాగాలను, ముఖ్యంగా అయస్కాంతాలను, బటన్ సెల్స్‌ను అందకుండా దాచాలి. సోల్డరింగ్ పెద్దల ఎదుటే జరగాలి. అసలు రైళ్లను గమనించడం ఈ ఆటలో భాగమే గానీ, అది ప్లాట్‌ఫాం మీద నుంచే. పట్టాల మీద నడవడం ప్రాణానికి ముప్పు, చట్టం ప్రకారం నేరం కూడా.

పెద్దలకు మిగిలే అతి కష్టమైన పని చేతులు కట్టుకుని కూర్చోవడం. రైలు ఆగిన వెంటనే నాన్నో, టీచరో వంగి సరిచేస్తే ఒక నిమిషంలో అది మళ్లీ తిరుగుతుంది, ప్రశ్న మాత్రం అక్కడే చచ్చిపోతుంది. ‘ఏమైందంటావు? ముందు ఏది చూద్దాం?’ అని అడిగితే అరగంట పట్టవచ్చు. అతుకు చూస్తారు, చక్రం తుడుస్తారు, తీగ కదిపి చూస్తారు, తప్పుడు ఊహలు రెండు మూడు వదిలేస్తారు. చివరికి దొరికేది పట్టా సందులో ఇరుక్కున్న చిన్న ఇసుక రేణువే కావచ్చు. దాన్ని వెతికి పట్టిన పిల్లలు మరుసటి వారం తమంతట తామే ఇంకొంచెం క్లిష్టమైన దారి వేస్తారు.